లాంప్ రూమ్ – వాడుకలో లేదు

మా చుట్టాలకు నా మీద ఒక ఫిర్యాదు ఉంది. ముప్పై ఆరేళ్లు రైల్వేలో చేసిన మనిషి, ఎవరైనా రైల్లో వస్తున్నామంటే స్టేషన్‌కు రాడు, ఉప్పల్ మెట్రో మెట్ల దగ్గర నిలబడతా అక్కడికి రండి అంటాడు అని. బద్ధకం అని కొందరంటారు, పింఛను వచ్చాక తల పొగరెక్కిందని కొందరు. మా బావమరిది అయితే "రైల్వే అన్నం తిన్నోనికి రైలు కూత వినబుద్ధి గాదట, గిదేం చోద్యం!" అని పెళ్లిళ్లలో నలుగురి ముందూ ఆటపట్టిస్తాడు. నేనూ నవ్వేసి ఊరుకుంటాను. అసలు సంగతి చెప్పుకోవడానికి ఇన్నాళ్లూ మొహం చెల్లలేదు. ఇప్పుడు చెబుతాను. కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలు ఎవరైనా చదివితే మంచిదే, నా గొప్ప కోసం మాత్రం కాదు.

స్టేషన్ పేరు రాయను. పట్నంలో పెద్ద స్టేషన్లు మూడు నాలుగున్నాయి, మీకు ఇష్టమైనది అనుకోండి. నిజాం కాలం నాటి రాతి కట్టడం, ముందు పెద్ద కమాను, ఎత్తైన పైకప్పు. అందులో వర్క్స్ ఆఫీసులో నేను గుమాస్తాగా చేరి, హెడ్ క్లర్కుగా దిగిపోయాను. వర్క్స్ ఆఫీసంటే గోడలూ నల్లాలూ తలుపులూ చూసుకునే ఆఫీసు. నా పని గదుల రిజిస్టరు. ఏ గది ఎంత, ఎవరి చేతిలో ఉంది, దేనికి వాడుతున్నారు, ఇవన్నీ ఏటేటా జాబితా రాసి పైకి పంపాలి. చెప్పుకోవడానికి ఇంపైన పనేం కాదు. మా ఆవిడ నాచారం సంతలో ఎవరికో "మా ఆయన రైల్వేల గదులు లెక్కబెడ్తడు" అని చెప్పడం నేనే విన్నాను.

కానీ నాకు ఆ పనంటే పిచ్చి. ఇనప బీరువాలో పాత ప్లాన్లుండేవి, నీలం కాగితం మీద తెల్ల గీతలు, వెనక గుడ్డ అతికించి. వాటిని బల్ల మీద పరిస్తే స్టేషన్ మొత్తం ఇంకో వేషంలో కనబడేది. ఇప్పుడు మందుల దుకాణం, డబ్బులు తీసే మిషన్లు ఉన్న చోట ఒకప్పుడు పరదా వేసిన ఆడవాళ్ల వెయిటింగ్ రూమ్. మోటారు సైకిళ్లు పెట్టే చోట గుర్రాలకు నీళ్ల తొట్టి. తంతి ఆఫీసు గదిలో మా కాలంలో రైళ్ల రాకపోకలు మైకులో చెప్పే అమ్మాయిలు కూర్చునేవాళ్లు, తర్వాత అదీ పోయి కంప్యూటర్లొచ్చాయి. గదులు మారలేదు, వాటిలో పని మారుతూ వచ్చింది. రైల్వే వాళ్లకు ఒక అలవాటుంది. పని మారినా పేరు మార్చరు. తాళాల బోర్డు మీద, నల్లా రిపేరు చీటీ మీద, అన్నిటి మీదా ప్లాన్లో ఉన్న పాత పేరే. గుర్రం చూసి ఎరగని స్వీపరు కూడా "గుర్రాల షెడ్డు కాడ మోరీ నిండింది సార్" అనే చెప్పేవాడు.

లాంప్ రూమ్ అలాంటిదే. సిగ్నళ్లకు కిరోసిన్ దీపాలు పెట్టే రోజుల్లో ఆ దీపాలు తుడిచి, నూనె పోసి పెట్టే గది. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివర, మందపాటి రాతి గోడలు, ఒక్కటే చిన్న కిటికీ. ఎండాకాలం కూడా లోపల చల్లగా ఉండేది. వానాకాలం వస్తే నేలలోంచి కిరోసిన్ వాసన ఇంకా లేచేది. గోడకు వరసగా ఇనుప కొక్కేలు, దీపాలు తగిలించడానికి. దీపాలు పోయి ఎన్నో ఏళ్లయింది. నా రోజుల్లో ఆ కొక్కేలకు ఎర్ర చొక్కాలు వేలాడేవి.

ఆ చొక్కాలు హమాలీలవి. స్టేషన్‌లో సామాను మోసేవాళ్లు. వాళ్లు నలభై ఒక్కమంది. వాళ్లలో పెద్దాయన్ని నేను మామ అనేవాణ్ణి, అందరూ అలాగే అనేవాళ్లు. పాలమూరు వైపు మనిషి, పొట్టిగా గట్టిగా ఉండేవాడు, చెవికి చిన్న పోగు. వాళ్ల చిన్నాన్న బిల్లా మీద చిన్నప్పుడే వచ్చి ఆ ప్లాట్‌ఫారం మీదే ముసలివాడయ్యాడు. బిల్లా అంటే చేతికి కట్టుకునే ఇత్తడి బిళ్ల, దాని మీద నంబరుంటుంది. అదే వాళ్ల లైసెన్సు, అదే వాళ్ల పొలం అనుకోండి, అయినవాళ్లకు రాసిస్తారు. మామకు అక్షరం రాదు. కానీ ఏ గదిలో ఎప్పుడు ఏముండేదో ఆయనకు నోటికొచ్చు. మధ్యాహ్నం రైళ్లు తక్కువున్న వేళ నేను ప్లాను పట్టుకుని బయల్దేరితే వెంట వచ్చేవాడు. "గీడ నవాబు బీబీలు దిగెటోళ్లంట సారూ, బండి ఆగంగనే రెండు దిక్కుల తెల్లగుడ్డ పట్టెటోళ్లు. మా చిన్నాయన జెప్పిండు" అనేవాడు. నేను ప్లాను మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకునేవాణ్ణి. నా దగ్గర గీతలున్నాయి, ఆయన దగ్గర మనుషులున్నారు. ఇద్దరం కలిస్తేగానీ స్టేషన్ పూర్తయ్యేది కాదు.

లాంప్ రూమ్ వాళ్లకెలా వచ్చిందంటే, నేను చేరిన పదిహేనేళ్లకు వాళ్ల రేకుల షెడ్డు టికెట్ కౌంటర్ల కోసం కూలగొట్టారు. అప్పటి పెద్ద స్టేషన్ మాస్టరు దయగల మనిషి. తాళం చెవి మామ చేతిలో పెట్టి "ఉండండిరా" అన్నాడు. అంతే. కాగితం లేదు, నోటిమాటే. ఆ ఏడు జాబితాలో నేను ఉన్నదున్నట్టు "హమాలీల విశ్రాంతి గది" అని రాశాను. పై నుంచి వెంటనే ప్రశ్న వచ్చింది. ఎవరి ఉత్తర్వు మీద ఇచ్చారు? ఉత్తర్వు లేకపోతే ఖాళీ చేయించండి. స్టేషన్ మాస్టరు అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయాడు. నేను రెండు రోజులు తల పట్టుకుని, చివరికి మళ్లీ రాసి పంపాను. "లాంప్ రూమ్ – వాడుకలో లేదు." ప్రశ్న ఆగిపోయింది. వాడని గది గురించి ఎవరికీ బాధ లేదు.

ఆ రోజు మామ కాగితం పొట్లంలో వేయించిన పల్లీలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "సదువంటే గిది సారూ" అన్నాడు. నాకు మీసం మెలేయాలన్నంత గర్వమేసింది. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు ఏటేటా అదే మాట రాశాను, కింద సంతకం చేశాను. తనిఖీ వస్తోందంటే ముందే కబురు పెట్టేవాణ్ణి. వాళ్లు లోపలి నుంచి గడియ పెట్టుకుని చప్పుడు చేయకుండా కూర్చునేవాళ్లు. తనిఖీ అయిపోయాక నేను తలుపు మీద రెండుసార్లు కొడితే, నలభైమంది ఒక్కసారి నవ్వేవాళ్లు. ఉద్యోగంలో నేను సంతోషంగా చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఆ గది వాళ్లకు నీడ ఒక్కటే కాదు. అక్కడ వాళ్ల వంతులుండేవి. పని లేనివాడు వచ్చి తన బిల్లా విప్పి, గోడ మీద వరసలో ఖాళీగా ఉన్న కొక్కేనికి తగిలిస్తాడు. బండి వస్తే మొదటి కొక్కెం వాడు లేస్తాడు. ముసలివాడైనా వయసువాడైనా కొక్కెం దాటడానికి లేదు. చక్రాల సూట్‌కేసులొచ్చి, మెట్లకు కరెంటొచ్చి, వాళ్లను పిలిచేవాళ్లు సగానికి సగం తగ్గిపోయాక ఆ కొక్కేలే ముసలివాళ్లకు నాలుగు మెతుకులు పెట్టాయి. మామ మోకాళ్లు అరిగిపోయినా, ఆయన వంతు ఆయనకు వచ్చేది.

ఇక అసలు కథ. నేను దిగిపోయే ముందు సంవత్సరం, పాత స్టేషన్ పడగొట్టి కొత్తది కడతారని ఆర్డరొచ్చింది. అద్దాల మేడ, పైన దుకాణాలు, కింద రైళ్లు. కడుతున్నన్నాళ్లూ పక్కన తాత్కాలిక షెడ్లు. ఏ గది ఇప్పుడు వాడుకలో ఉందో దానికి అక్కడా, తర్వాత కొత్త భవనంలోనూ చోటిస్తారు. అందుకు జాబితా కావాలి. జాబితా అంటే నేను.

చెప్పానుగా, పిచ్చి. ఉత్త జాబితా ఇవ్వడానికి మనసొప్పలేదు. ముందు మాటగా స్టేషన్ చరిత్ర రాయడం మొదలుపెట్టాను. గుర్రాల తొట్టి, పరదా గది, తంతి, అన్నీ. రెండు నెలలు దాని మీదే కూర్చున్నాను. మామ చెప్పిన మాటలు ఎన్ని వాడుకున్నానో లెక్కలేదు, ఆయన పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. ఆఫీసు కాగితంలో హమాలీ పేరేమిటి అనుకున్నాను కాబోలు. మా ఆఫీసరు చదివి, "ఇది పుస్తకం వేయించాలండీ" అన్నాడు. నేను ఆ రోజు నాచారం దాకా బస్సులో నిలబడే వచ్చాను, సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు.

ఆ ముందు మాట వెనక ఉన్న అసలు జాబితాను పోయినేటి దాంట్లోంచి ఎత్తి రాశాను. ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. లాంప్ రూమ్, వాడుకలో లేదు.

జాబితా సరిచూడటానికి ఒక జూనియర్ ఇంజినీరమ్మాయి వచ్చింది. గోదావరి వైపు పిల్ల, చురుకైనది. గది గదికీ తిరిగి ఫొటోలు తీసుకుంది. చివరకు నా దగ్గరకొచ్చి, "లాంప్ రూమ్ ఒక్కటీ చూడలేదండి. తాళం ఎవరి దగ్గరుంటుందండి?" అంది.

ఆ ప్రశ్న వినగానే నా మెదడులో ఇరవై ఏళ్లుగా మోగుతున్న గంటే మోగింది. తనిఖీ వచ్చింది, దాచు!

"ఎందుకమ్మా, పాత ఇనుము, బూజు. తేళ్లు కూడా ఉంటాయి" అన్నాను.

"అమ్మో, తేళ్లా! వద్దులెండి సార్, మీరు రాసిందే వేసేస్తాను" అని టిక్కు పెట్టుకుని వెళ్లిపోయింది.

అవతల గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నవాళ్లకు నేను వెళ్లి తలుపు మీద రెండుసార్లు కొట్టాను. నవ్వారు. నేనూ నవ్వాను. నా అంత మూర్ఖుడు ఆ రోజు పట్నంలో ఇంకొకడు ఉండడు.

మూడు నెలలకు తాత్కాలిక షెడ్ల ప్లాను వచ్చింది. మామ మా ఆఫీసు గుమ్మంలో నిలబడి "మాది యాడుందో జర సూడు సారూ" అన్నాడు. వేలు పెట్టి వెతికాను. పార్శిల్ ఆఫీసు ఉంది, స్వీపర్ల గది ఉంది, మందుల దుకాణం కూడా ఉంది. మళ్లీ వెతికాను. అప్పుడు తెలిసింది. దాచడానికి రాసిన మాట, చూపించాల్సిన రోజున కూడా దాచేసింది.

ఇంజినీరమ్మాయికి చెబితే ఆ పిల్ల మొహం పాలిపోయింది. "అయ్యో, నేను ఆ రోజు అడిగాను కదండీ! మీరే కదండీ తేళ్లన్నారు!" అంది. తప్పేమీ లేని పిల్ల, కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. తలుపు వేసి కూర్చోబెట్టి మాట్లాడాడు. "చోటివ్వడం కష్టమేం కాదండి. ఆ గది ఇరవై ఏళ్లుగా వాడుకలో ఉందని, పొరపాటున లేదని రాశానని మీరు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇస్తే నేను పైకి పంపాలి. పంపితే ఇరవై ఏళ్లు తప్పుడు రికార్డు ఎందుకు రాశారని విచారణ వేస్తారు. మీకింకా నాలుగు నెలలే ఉంది. ఆలోచించుకుని సోమవారం ఇవ్వండి" అన్నాడు.

ఆదివారం పొద్దున ఇంట్లో కూర్చుని ఆ కాగితం రాశాను. మూడు పేజీలు. దాపరికం లేకుండా రాశాను, నోటిమాట సంగతి, గడియ సంగతి, కొక్కేల సంగతి, నలభై ఒక్క బిల్లా నంబర్లూ. నా జీవితంలో అంత మంచి ఉత్తరం రాయలేదు. మా ఆవిడ పక్కన బియ్యం ఏరుతూ "ఏంది, పొద్దటిసంది రాస్తనే ఉన్నవ్?" అంది. చెప్పాను. చేట పక్కన పెట్టింది.

"ఇయ్యి" అంది. "ఏంజేస్తరు? పింఛను ఆపుతరా? ఆపితే ఆపనీ. మన పొయ్యి ఆరిపోదు. ఆళ్ల ఉసురు మనకొద్దు."

సోమవారం సంచీలో కాగితం పెట్టుకుని వెళ్లాను, మెట్లెక్కే ముందు మామకు సంగతంతా చెప్పాను. ఆఫీసరు ఫోన్లో ఉన్నాడు. ఐదు నిమిషాలు కూర్చోండి అని చేత్తో సైగ చేశాడు. బయట బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఇంకో సెక్షన్ గుమాస్తా ఉన్నాడు, వాడికి నా సంగతేమీ తెలియదు, ఊసుపోక మాట్లాడుతున్నాడు. రిటైరైన వాళ్లెవరో విచారణలో ఇరుక్కుని, మూడేళ్లు కాగితాలు కదలక, తిరిగి తిరిగి చెప్పులరిగి, చివరికి పక్షవాతం వచ్చిందట. "సంతకమే కొంప ముంచుతది అన్నా, మన సంతకమే మనకు శత్రువు" అన్నాడు.

ఐదు నిమిషాలు పది నిమిషాలయ్యాయి. ఆఫీసరు పిలిచేలోగా లేచాను. "తర్వాత వస్తానని చెప్పు" అని ప్యూనుకు చెప్పి మెట్లు దిగాను. రేపిద్దాం అనుకున్నాను. ఒట్టు, నిజంగా రేపే ఇద్దామనుకున్నాను.

మెట్ల కింద మామ నిలబడి ఉన్నాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, పైకి చూస్తూ.

"ఇచ్చినవా సారూ?"

"ఇచ్చిన మామా" అన్నాను.

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నేను వద్దని కూడా అనలేదు. సాయంత్రం మా ఆవిడ అడిగింది, ఆమెకూ అదే చెప్పాను. ఒకసారి చెప్పాక రెండోసారి ఎంత తేలికగా వస్తుందో! రేపు కాస్తా ఎల్లుండి అయింది, ఎల్లుండి కాస్తా వచ్చే వారం. కాగితం సంచీ అరలోనే ఉంది. దాని మీద రోజూ టిఫిన్ డబ్బా పెట్టుకుని లాలాపేట్ మీదుగా ఆఫీసుకు పోయి వచ్చాను.

ఖాళీ చేసే రోజు రానే వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి పోలీసులూ, కూలగొట్టే వాళ్లూ వచ్చారు. మొదట పార్శిల్ ఆఫీసులో మూటలెత్తే హమాలీల వంతు, వాళ్లు వేరే జట్టు. వాళ్లకిచ్చిన షెడ్డు చాలదని వాళ్ల గుమ్మం ముందు అడ్డంగా కూర్చున్నారు. మధ్యాహ్నానికి పెద్ద సార్లు దిగొచ్చారు, ఇంకో షెడ్డు ఇస్తామని అక్కడికక్కడే రాసిచ్చారు. అది నేను కళ్లారా చూశాను.

మా వాళ్లలో ఒక వయసువాడు, గొంతు పెద్దది, అది చూసి లాంప్ రూమ్ ముందు అందరినీ పోగేశాడు. "మనం గూడ కూసుందాం! ఒక్క పూట కూసుంటే ఆళ్లకిచ్చినట్టే మనకూ ఇస్తరు. లేస్తే ఇగ ఎవడు అడుగుతడు మనల?"

అందరూ మామ వైపు చూశారు. మామ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బిడ్డా. సారు మన కోసం కాయితం ఇచ్చిండు. తన కొలువు మీదికి తెచ్చుకొని ఇచ్చిండు. అది పైన నడుస్తుంది. మనం గీడ లొల్లి జేస్తే ఆ కాయితం ఖరాబైతది, సారుకు మాటొస్తది." అని నా వైపు తిరిగి, "అంతేనా సారూ?" అన్నాడు.

నలభైమంది నన్ను చూస్తున్నారు. నా భుజానికి సంచీ ఉంది, అందులో కాగితం ఉంది. అప్పుడైనా తీయొచ్చు. తీసి, ఇవ్వలేదురా, కూర్చోండి, కదలకండి అని అరవొచ్చు. పెద్ద సార్లు యాభై అడుగుల దూరంలోనే ఉన్నారు.

నేను తల ఊపాను.

అంతే. కొక్కేల మీది బిల్లాలు తీసుకున్నారు. చొక్కాలు తీసుకున్నారు. గోడకున్న దేవుళ్ల పటాలు, దర్గా పచ్చ జెండా, ఒక మట్టి కుండ. ఇరవై నిమిషాల్లో గది ఖాళీ. గొంతు పెద్ద కుర్రాడు కూడా నా దగ్గరకొచ్చి "తప్పైంది సారూ, మీరు ఇంత జేసినంక లొల్లి చేస్తమా" అన్నాడు. నేను బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, వచ్చి సీట్లో కూర్చున్నాను. ఖాళీ చేసిన గదుల జాబితా రాయాలి మరి.

ఆఫీసరు చెప్పిన నాలుగు నెలలూ నిండాక దండలు వేసి, శాలువా కప్పి నన్ను పంపేశారు. పింఛను నెల తిరక్కుండా వచ్చింది. ఆ సభలో మా ఆఫీసరు "మచ్చలేని సర్వీసు" అన్నాడు.

హమాలీలు కాలినడక వంతెన కింద, మెట్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. పొద్దున పదింటి దాకా నీడ, తర్వాత ఎండ. కొక్కేలు లేవు, కాబట్టి వంతులూ లేవు. బండి ఆగగానే కాళ్లున్నవాడు ఉరుకుతాడు, లేనివాడు చూస్తూ కూర్చుంటాడు. ఒకరి మీద ఒకరు చెయ్యి చేసుకున్నారని కూడా విన్నాను. వినడమే, నేను వెళ్లింది లేదు. మొదటి ఎండాకాలంలోనే మామ ఆ మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాడు. వడదెబ్బ. పడటంలో తుంటి ఎముక విరిగింది. దవాఖానాలో నెల ఉన్నాడట. నేను అప్పుడూ వెళ్లలేదు.

వెళ్లేలా చేసింది ఆ గొంతు పెద్ద కుర్రాడే. పోయినేడు ఏఎస్ రావు నగర్‌లో కళ్ల డాక్టరు దగ్గర్నుంచి బయటికి వస్తుంటే ఎదురయ్యాడు. హమాలీ మానేసి ఒక బట్టల దుకాణానికి కాపలా ఉంటున్నాడు. "బాగున్నరా సారూ" అని చేతులు పట్టుకున్నాడు. తర్వాత అడిగాడు. "మన కాయితం సంగతి ఏమన్న తెల్సిందా? మామను అడిగితే, పెద్ద ఆఫీసుల పనులు గట్లనే ఉంటయ్, జవాబు వస్తది, ఓపిక పట్టున్రి అంటడు. మావోళ్లు ఆడ్నే కూసున్నరు."

ఇంటికి వచ్చి బీరువా పైనున్న పాత సంచీ దించాను. కాగితం ఉంది. మర్నాడు ఉప్పల్లో ఆటో ఎక్కి చెంగిచెర్లలో మామ ఇంటికి వెళ్లాను.

రెండు గదుల ఇల్లు, ముందు రేకు. మామ మంచం మీద గోడకానుకుని ఉన్నాడు, సగమైపోయాడు. నన్ను చూసి లేవబోయాడు. "మా సారు వచ్చిండు" అని లోపలికి కేకేశాడు. ఆయన భార్య నీళ్లు తెచ్చిచ్చి, పక్కింటికి పోయింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననిపించింది.

"మామా, నేను ఆ కాయితం ఇయ్యలే. ఎన్నడూ ఇయ్యలే. భయపడ్డ" అన్నాను.

పక్కింట్లో ఎవరో మిక్సీ వేశారు, అది ఆగిపోయింది.

"ఉన్నదా ఆ కాయితం?" అన్నాడు.

తీసి చూపించాను.

"సదువు."

ఇంగ్లీషులో రాసిన దాన్ని తెలుగులో చెబుతూ చదివాను. స్టేషన్ మాస్టరు నోటిమాట, తనిఖీ రోజుల గడియ, కొక్కేల వంతులు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. బిల్లా నంబర్ల దగ్గర ఆగబోతే, "అవి గూడ సదువు" అన్నాడు. ఒక్కొక్క నంబరూ చదివాను. మూడు. "ఉన్నడు." ఏడు. "ఉన్నడు." పదకొండు. "ఊరికి పోయిండు." పన్నెండు. "వాచ్‌మన్ అయిండు." పంతొమ్మిది. "సచ్చిపోయిండు, మొన్నటి ఎండలల్ల." ఇరవై రెండు ఆయనదే. చదువుతూ పొమ్మని చేత్తో సైగ చేశాడు. నలభై ఒకటీ పూర్తయ్యాక కాగితం మడిచాను.

"మస్తు మంచిగ రాసినవ్ సారూ" అన్నాడు మామ. "ఇస్తే మంచిగుండు."

తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

నేను బయల్దేరేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "గిది మావోళ్లకు జెప్పకు. నా మాట మీద లేచిన్రు ఆళ్లు. ఎవలో ఒకలు మన కోసం రాసిన్రు అని కూసున్నరు. అది గూడ లేదంటే ఆళ్లు ఎట్ల కూసుంటరు?"

చెప్పనని మాటిచ్చాను. మొన్న వానాకాలంలో మామ పోయాడు.

ఉద్యోగంలో చేరే పిల్లలకు ఏదో నీతి చెప్పి ముగించాలని కూర్చున్నాను. నాకు ఆ అర్హత ఉందో లేదో మీరే చెప్పాలి. అబద్ధం ఎవరి మేలు కోసం చెప్పినా సరే, దాన్ని ఏడాదికొకసారి కొత్తగా చూడండి, ఎవరిని కాపాడుతోందో. నాది చివరికి నన్నొక్కణ్ణే కాపాడింది.

ఇక మిగిలింది మామకిచ్చిన మాట. అది తప్పుతున్నాను. వంతెన కింద కూర్చున్న తమ్ముళ్లూ, మీలో చదువొచ్చిన వాళ్లున్నారు, లేకపోతే మీ పిల్లలు చదివి వినిపిస్తారు. మీ కోసం ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. మామకు ఆ సంగతి నేను చెప్పేదాకా తెలియదు, తెలిశాక కూడా మీ కోసమే దాచాడు, ఆయన్ని ఏమీ అనకండి. జవాబు రాదు. లేచి అడగండి.